పది వాకిళ్ళ మేలుకొలుపు

ధనుర్మాసము వచ్చినదనిన, బొగ్గుగనుల సీమలో తెల్లవారుజాము రెండు విధములుగా మేలుకొనును. ఒక వంక రాత్రి షిఫ్టు ముగించిన కార్మికుడు తలదీపమును లాంపు రూములో ఒప్పగించి, బొగ్గుమసి అంటిన మొగముతో ఇంటిదారి పట్టును. మరొక వంక ఆలయమున దీపములు వెలుగును. గోదాదేవి పాశురములు వినవచ్చును. బెల్లంపల్లి వంటి పట్టణమున ఈ రెండు దృశ్యములును ఒకే వీధిలో ఎదురుపడును. 1920 దశకము చివరి భాగమున అచట బొగ్గు త్రవ్వకము మొదలైనది. కాజీపేట–బల్హార్షా రైలుమార్గము ప్రక్కన, గనుల వెంట కాలనీలు వెలసి ఊరు పెరిగినది. నేడు ఊరి చుట్టునున్న పాత గనులు పెక్కు మూతబడినవి. అయినను ఆ గనులు చేరదీసిన కుటుంబములు, ఆ కుటుంబముల బిడ్డలు, ఆ బిడ్డలు చదువుకొను బడులు నిలిచియున్నవి.

అట్టి బడిలో ఒక తరగతిని చూడుడు. కరీంనగరము, వరంగల్లు పల్లెల నుండి గనిపనికి వచ్చినవారి మనుమలు, ఉత్తరాది నుండి వచ్చి స్థిరపడినవారి పిల్లలు, చుట్టుపట్ల అడవిపల్లెల గోండు, కొలాము బిడ్డలు ఒకే గదిలో కూర్చుందురు. ఒకరి ఇంట తెలుగు, ఒకరి ఇంట హిందీ లేక ఉర్దూ, ఒకరి ఇంట మరాఠీ, ఒకరి ఇంట గోండి. పుస్తకము మాత్రము ఒక్కటే. ఉపాధ్యాయుని కంఠము ఒక్కటే. గంటయు ఒక్కటే. ఆ గంట మ్రోగి పాఠము ముగియునప్పటికి కొందరు మేలుకొనియుందురు, కొందరు నిద్రలోనే యుందురు. ఈ నిద్ర కన్నులు మూసికొనిన నిద్ర కాదు. కన్నులు తెరచియే పోవు నిద్ర. దానినుండి బిడ్డను ఎట్లు లేపవలెనను ప్రశ్నకు ధనుర్మాస వ్రతమునందే సమాధానము కలదు.

శ్రీవిల్లిపుత్తూరున విష్ణుచిత్తుల తులసీవనమున అవతరించిన గోదాదేవి తిరుప్పావై ముప్పది పాశురములను అనుగ్రహించినది. అందు ఆరవ పాశురము మొదలు పదునైదవ పాశురము వరకు గల పదియును మేలుకొలుపులు. పదిమంది గోపికలు నిద్రించుచున్నారు. పది ఇండ్లు, పది వాకిళ్ళు. అందరిని లేపవలెననిన వీధి నడుమ నిలిచి ఒక్క కేక వేసిన చాలదా? ఆండాళ్ అట్లు చేయలేదు. ఒక్కొక్క వాకిటికి తానే నడచి పోయినది. ఈ వ్రతమునకు క్రొత్తయైన పసిపిల్లను పక్షుల కూతలు, కోవెల శంఖధ్వని వినిపించి లేపినది. తెలిసియు తెలియనట్లు పడుకొనిన దానిని పెరుగు చిలుకు చప్పుడు వినుమని ముద్దుగా మందలించినది. మరియొకతెను కుంభకర్ణుని నిద్ర నీకు సంక్రమించినదా యని పరిహాసమాడినది. వేరొక ఇంటి ముంగిట, తలలపై మంచు కురియుచుండగా, ఓర్పుతో నిలిచినది. మిమ్ములను నేనే ముందు లేపుదునని మాట యిచ్చి మరచిన దానికి ఆ మాట జ్ఞాపకము చేసినది. ఒకతెకు పొగడ్త, ఒకతెకు చురక, ఒకతెకు నిరీక్షణ. వ్రతము ఒక్కటే, గమ్యము ఒక్కటే, పొందవలసిన పరయు ఒక్కటే. పిలుపులు మాత్రము పది.

ఎనిమిదవ పాశురమున ఒక మాట యున్నది. దానిని ప్రతి ఉపాధ్యాయుడును హృదయమున వ్రాసికొనదగును. తూర్పు తెల్లవారినది, గేదెలు మేతకు పోయినవి, తక్కిన బాలికలు బయలుదేరినారు. అట్లు పోవుచున్నవారిని పోనీయక ఆపి, నిన్ను పిలుచుటకు వచ్చి నిలిచితిమని ఆండాళ్ చెప్పుచున్నది. ముందు నడచువారు వేచియున్నారు, వెనుకబడినది వచ్చువరకు గోష్ఠి కదలదు. భగవత్సన్నిధికి పోవునప్పుడు కూడ ఒకతెను విడచి పోరాదని ఆ తల్లి నిర్ణయించినది. అట్లయినచో ఎక్కముల పుస్తకము నాలుగు పుటలు ముందుకు సాగుటకై ఒక బిడ్డను విడచిపెట్టుట ఏ ధర్మము?

నాలుగు సందేహములు

ఇక తొమ్మిదవ వాకిలి. మణిమేడలో చుట్టును దీపములు వెలుగుచుండగా, ధూపము పరిమళించుచుండగా, ఒక బాలిక పాన్పుపై పడుకొనియున్నది. పిలిచినను పలుకదు. అపుడు ఆండాళ్ ఆ బాలికను నిందింపలేదు. ఆమె తల్లిని మామీ యని పిలిచి, నాలుగు సందేహములను అడిగినది. నీ కుమార్తె మూగయా? చెవిటిదా? అలసిపోయి సోమరితనమున నున్నదా? లేక ఎవరైనను మంత్రము వేసి ఈ గాఢనిద్రలో పడవేసిరా? భక్తులు ఏటేట వినుచున్న పాశురమే ఇది. దీనిని ఒక్కసారి తరగతి గదిలో నిలిచి వినవలెను.

బెల్లంపల్లి బడిలో మూడవ తరగతి చదువు ఒక బాలిక యున్నదనుకొందము. వెనుక వరుసలో గోడకు ఆనుకొని కూర్చుండును. ప్రశ్న అడిగిన తల వంచుకొనును. పలకమీద అక్షరములు తారుమారగును. ఏడాది గడచినను పుస్తకము తెరచి ఒక వాక్యము చదువలేదు. దీనికి చదువు రాదని అందరును నిశ్చయించుకొనినారు. ఇంట ఆ మాటయే, బడిలో ఆ మాటయే. ఇంకొక సంవత్సరము ఇట్లే గడచిన ఆమె బడి మానును. ఒక జీవితము అక్షరము వాకిటనే ఆగిపోవును. ఆమె ముందు నిలిచి, ఆండాళ్ అడిగిన నాలుగు ప్రశ్నలను అడుగవలెను.

మూగయా? ఆమెకు జవాబు తెలియును. కాని తెలిసినది గోండిలో. అడిగినది పుస్తకపు తెలుగులో. నోరున్నను భాష లేనందున మూగయైనది. లేదా కథను విని మరల నోట చక్కగా చెప్పగలదు, ఆ కథయే అచ్చులో కనబడిన అక్షరములు కంటికి చిక్కవు, ఒకదానికొకటి మారిపోవును. అట్టి బిడ్డ బుద్ధిహీనురాలు కాదు. చదువునందు ఇట్టి ప్రత్యేకమైన ఇబ్బంది యొకటి కలదని నేటి శాస్త్రము గుర్తించినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమున చెప్పిన 21 విధముల వైకల్యములలో అదియు చేరినది. అట్టి బిడ్డకు ఇసుకలో వ్రేలితో దిద్దించి, చింతగింజలతో అక్షరము పేర్పించి, నోటితో పలికించి, మూడు ద్వారముల నుండి ఒకే అక్షరమును లోనికి పంపవలెను.

చెవిటిదా? చిన్నతనమున చెవిలో చీము పట్టిన పిల్లలు ఎందరో కలరు. తల్లి దానిని సామాన్యమని తలచి నూనెచుక్క వేసి ఊరకుండును. వినికిడి సగము తగ్గినను బిడ్డకు ఆ సంగతి తెలియదు. లోకమంతయు ఇంత మెల్లగనే మాటలాడునని అనుకొనును. అట్టి బిడ్డ వెనుక వరుసలో కూర్చుండిన, ఉపాధ్యాయుడు నల్లబల్లవైపు తిరిగి చెప్పిన పాఠము గోడకు చెప్పినట్లే. ఆమెను ముందు వరుసకు తెచ్చి, ఆమె చూచునట్లు ముఖాముఖిగా పలికిన సగము వ్యాధి తీరును. మిగిలిన సగమునకు వైద్యుడు కలడు. ప్రత్యేకావసరములు గల పిల్లల కొరకు ప్రభుత్వము నెలకొల్పిన భవిత కేంద్రములును కలవు.

అలసటయా? గనికార్మికుని ఇంట రాత్రికి పగలు, పగటికి రాత్రి. తండ్రి అర్ధరాత్రి బయలుదేరిన ఇల్లెల్ల మేలుకొనును. పగలు ఆయన నిద్రించునపుడు బిడ్డ నోరెత్తి చదువరాదు. ఇరుకైన క్వార్టరులో చదువు చోటు ఎచట? ఆ బిడ్డకు ఇంటి పని అధికముగా ఇచ్చి, చేయలేదని దండించుట ఇంటి దారిద్ర్యమును దండించుటయే. బడి విడచిన పిమ్మట ఒక అరగంట ఆ వరండాలోనే కూర్చుండి చదువుకొననిచ్చిన అదే ఆమెకు మణిమేడ.

మంత్రము వేసినారా? ఇదియే అన్నిటికంటె భయంకరమైన నిద్ర. ఆ మంత్రము ఏది? "మొద్దు" అను రెండక్షరముల మంత్రము. దానిని తండ్రి జపించును, తోటివారు జపింతురు, ఒక్కొక్కచో గురువును జపించును. వేయిమారులు వినిన బిడ్డ దానిని నిజమని నమ్మి, ఇక లేవనక్కరలేదని పడుకొనును. మూగతనమునకు భాష కలదు, చెవిటితనమునకు ముందు వరుస కలదు, అలసటకు విశ్రాంతి కలదు. ఈ మంత్రమునకు విరుగుడు ఒక్కటే. ఆ బిడ్డ చేయగలిగినది ఏదో యొకటి వెదకి, నలుగురిలో నిలిపి, ఇది నీవు బాగుగా చేసితివని చెప్పుట. అది పాటయైన గానిండు, ముగ్గుయైన గానిండు, చింతగింజల లెక్కయైన గానిండు.

గమనింపవలసిన సంగతి మరొకటి. ఆండాళ్ ఈ నాలుగు ప్రశ్నలను తల్లిని అడిగినది. బిడ్డ ఏల లేవలేదో తల్లికి తెలిసినంత ఊరివారికి తెలియదు. ఏడాదికొకమారు ప్రగతిపత్రముపై సంతకమునకు మాత్రమే తల్లిని పిలుచు బడికి ఆ రహస్యము తెలియదు. వాకిటికి పోయి, అమ్మా యని పలుకరించు గురువునకు తెలియును.

ఒక గురువు, నలుగురు శిష్యులు

ఈ మార్గము ఆండాళ్‌తో ఆగలేదు. ఆమెకు అన్నగారని సంప్రదాయము కొనియాడు భగవద్రామానుజులు దీనిని తమ శిష్యకోటియందు ఆచరించి చూపిరి. గురుపరంపరా గ్రంథములలోని నాలుగు వృత్తాంతములను ప్రక్కప్రక్కన నుంచి చూచిన ఈ సంగతి తేటపడును.

కూరత్తాళ్వానులు ఒకమారు విన్నది మరువని ఏకసంథాగ్రాహి. శ్రీభాష్య రచనకు ఆధారమైన బోధాయనవృత్తిని కాశ్మీరమున కొలది రాత్రులలో చదివి హృదయస్థము గావించుకొనిన మహనీయుడు. ఆయనకు రామానుజులు అప్పగించిన పని బరువైనది: శ్రీభాష్యమును వ్రాయుట, పొరపాటు కనబడిన కలము ఆపుట. చురుకైన శిష్యునికి తేలికపని ఇచ్చి కూర్చుండబెట్టలేదు.

ముదలియాండానులు, అనగా దాశరథి, మహాపండితుడు. చరమశ్లోకార్థము కొరకు గోష్ఠీపూర్ణుల యొద్ద ఆరునెలలు వేచినను, ఆయన కుల, ధన, విద్యా మదములు ఇంకను తొలగలేదని వారు మరలించిరి. రామానుజులు ఆయనకు మరియొక గ్రంథము చెప్పలేదు. మహాపూర్ణుల కుమార్తెయైన అత్తుళాయ్ అత్తవారింట వంటకు సహాయము కావలెనని వచ్చినపుడు దాశరథిని పంపిరి. నీరు మోసి, వంట చేసి ఆ పండితుడు నేర్చినది పుస్తకమున లేనిది. తిరిగి వచ్చిన పిమ్మట అడిగిన అర్థము లభించినది.

ధనుర్దాసు మల్లుడు. భార్య కన్నుల సౌందర్యమునకు దాసుడై, ఎండ తగులకుండ గొడుగు పట్టి శ్రీరంగ వీధిలో నడచినవాడు. ఆయనకు వేదాంతము చెప్పిన వినునా? అందమైన కన్నులన్న ప్రాణమిచ్చువానికి, ఇంతకంటె అందమైన కన్నులు చూపెదనని చెప్పి రామానుజులు శ్రీరంగనాథుని కన్నులు చూపిరి. అతడు ఎచట నిలిచియుండెనో అచటి నుండియే చేయి పట్టి నడిపించిరి.

నాలుగవవాడు మాటలు రాని భక్తుడు. ఆయనకు శ్లోకము లేదు, వ్యాఖ్యానము లేదు. రామానుజులు ఆయనను ఏకాంతమునకు కొనిపోయి, తలుపు మూసి, సైగతో తమ పాదములను చూపి, ఆ పాదములను ఆయన శిరమున నుంచిరి. తలుపు సందు నుండి ఆ దృశ్యము చూచిన కూరత్తాళ్వానులు, శాస్త్రములన్నియు నేర్చి తాను ఆ భాగ్యమును పోగొట్టుకొంటిననియు, మూగనై పుట్టినను బాగుండెడిదనియు వాపోయిరట. మాటతో చెప్పలేనిది సైగతో చెప్పినందువలన ఆ బోధ తక్కువది కాలేదు.

నలుగురికిని చేరిన చోటు ఒక్కటే. నడచిన బాటలు నాలుగు. ఆచార్యుడు తన పాండిత్యమును చూడలేదు, శిష్యుని చూచినాడు.

మార్లవాయి బడి

పురాణపురుషులకు సాధ్యమైనది సామాన్యులకు సాధ్యమా యని సందేహింపవచ్చును. దానికి సమాధానము బెల్లంపల్లి పొరుగుననే కలదు. 2016లో మంచిర్యాల జిల్లా ఏర్పడువరకు బెల్లంపల్లి ఆదిలాబాదు జిల్లాలోనిది. ఆ పాత జిల్లా కొండలలో, నేటి కుమురం భీం ఆసిఫాబాదు జిల్లా జైనూరు మండలమున, మార్లవాయి అను గోండుపల్లె కలదు. 1940లో జోడేఘాట్ వద్ద కుమురం భీం నేలకొరగిన తరువాత, గోండుల కష్టములను విచారించుటకు నిజాము ప్రభుత్వము క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అను మానవశాస్త్రవేత్తను పంపినది. ఆయనయు, ఆయన ధర్మపత్ని బెట్టి ఎలిజబెత్తును మార్లవాయిలో నివసించి గోండుల భాషను, ఆచారములను తెలిసికొనిరి. 1943లో అచట గోండు విద్యాపథకము మొదలైనది.

ఆ పథకమునందలి కిటుకు చిన్నది, ఫలము పెద్దది. గోండు పిల్లలకు తెలియని భాషలో తెలియని అక్షరములు నేర్పుట రెండు బరువులను ఒక్కమారు నెత్తిన పెట్టుటయని వారు గ్రహించిరి. అందుచేత తొలి వాచకములు గోండి భాషలోనే సిద్ధమైనవి. లిపి మాత్రము ఆ ప్రాంతమున మరాఠీ వలన పరిచితమైన దేవనాగరి. పాఠములలో గోండుల జీవితమే, వారి కథలే యుండెను. ముందు తెలిసిన మాట, దానిపై తెలియని అక్షరము, ఆ మెట్టు నిలిచిన పిమ్మట ఇతర భాషలు. చెప్పువారును బయటివారు కారు. కొంచెముగా చదువు వచ్చిన గోండు యువకులనే తెచ్చి, మార్లవాయిలో శిక్షణ ఇచ్చి, పల్లెలకు ఉపాధ్యాయులుగా పంపిరి. బెట్టి ఎలిజబెత్ 1987లో మరణించినపుడు ఆమె దేహమును మార్లవాయిలోనే ఖననము చేసిరి. 1995లో మరణించిన భర్త అస్థికలను 2012లో ఆ చెంతనే చేర్చిరి. తమ భాషలో తమ బిడ్డలను పలుకరించినవారిని ఒక జాతి ఎట్లు గుర్తుంచుకొనునో దీనివలన తెలియుచున్నది.

ఆ ఆలోచన మరల చిగిర్చినది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గోండి, కొలామి, కోయ, సవర మొదలుగా ఎనిమిది భాషలలో గిరిజన పిల్లలకు మాతృభాషాధార విద్యను ప్రారంభించినది. 2022లో తెలంగాణ ప్రభుత్వము ప్రాథమిక తరగతులకు తొలిమెట్టు అను కార్యక్రమమును ఆరంభించినది. బిడ్డ ఏ తరగతిలో కూర్చున్నదని కాక, ఏ మెట్టుపై నిలిచినదని ముందు పరీక్షించి అచటి నుండి చదువు చెప్పుటయే దాని మూలసూత్రము. ఇవి అన్నియు ఆండాళ్ వాకిటికి పోయి తలుపు తట్టుటకు నేటి పేర్లు.

సమత అనగా నేమి?

ఇచట రెండు ఆక్షేపణలు వచ్చును. అందరికిని ఒకే పాఠము, ఒకే పరీక్ష యుండుటయే న్యాయము గదా, ఒకనికి ఒక విధము మరొకనికి మరొక విధము పక్షపాతము కాదా యనునది మొదటిది. భక్తులు ఆలయమునకు పోయినపుడు దీనికి బదులు కన్నులార చూడవచ్చును. అర్చకుడు శఠారి పట్టుకొని గోష్ఠిలోనికి వచ్చును. నిలువెత్తు మనుష్యునికి చేయి ఎత్తి ఉంచును. ముసలమ్మ కూర్చుండియున్న, నడుము వంచి ఉంచును. తల్లి చంకనున్న పసివానికి మెల్లగ తాకించును. అందరికిని సమానమని ఒకే ఎత్తున గాలిలో పట్టుకొనిన ఎవరి తలకు సోకును? శఠారి ఒక్కటే, చేయి మాత్రము వంగుచు లేచుచుండును. ఆ వంగుటయే సమత.

మెట్టు తగ్గించిన చదువు చులకనగాదా యనునది రెండవది. గీతాచార్యుడు పండ్రెండవ అధ్యాయమున ఏమి చేసెను? మనస్సును నాయందే నిలుపుమని అర్జునునకు చెప్పెను. అది చేతగాదేని అభ్యాసము చేయుమనెను. అదియు చేతగాదేని నా కొరకు కర్మలాచరింపుమనెను. అదియు చేతగాదేని కర్మఫలమును విడువుమనెను. ఒకటి కాకున్న ఒకటి, నాలుగు మెట్లు వరుసగా దిగి వచ్చెను. శిష్యుడు చేయలేడేమో యని కోపింపలేదు, లజ్జింపజేయలేదు. మెట్టును తగ్గించెను గాని గుడి ఎత్తును తగ్గింపలేదు. పొందవలసినవాడు నాలుగు మెట్లయందును తానే. చింతగింజలతో లెక్క నేర్చిన బాలికయు, నోటిలెక్క చేయు బాలుడును చేరవలసినది ఒకే లెక్కకు.

మరి యాబదిమంది పిల్లలకు ఒక్క ఉపాధ్యాయుడున్న చోట పది విధముల మేలుకొలుపు ఎట్లు సాధ్యము? ఇది ఆక్షేపణ కాదు, నిజమైన కష్టము. కొన్ని బడులలో ఒకే గురువు రెండు మూడు తరగతులను నడుపవలసి వచ్చుచున్నది. దీనికిని తిరుప్పావైయే దారి చూపుచున్నది. పదిమందిని ఆండాళ్ ఒంటరిగా లేపలేదు. మొదటి వాకిట లేచినది రెండవ వాకిటికి తోడు వచ్చినది. రెండవది మూడవదానికి. వాకిలి వాకిలికి గోష్ఠి పెరిగినది. లేచినవారందరును లేపువారైరి. మన వీధిబడులు పూర్వము ఇట్లే నడచినవి. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు ఇసుకలో అక్షరములు దిద్దించెడివారు. చెన్నపట్టణమున అనాథబాలుర శాలను నిర్వహించిన ఆండ్రూ బెల్ అను స్కాట్లండు మతగురువు ఆ పద్ధతిని చూచి, తన శాలలో ప్రవేశపెట్టి, 1797లో దానిపై పుస్తకము ప్రకటించెను. అది మద్రాసు పద్ధతి యను పేరుతో ఇంగ్లండునందు వ్యాపించినది. మన అరుగులమీది విద్య అట్లు సముద్రము దాటినది. చురుకైన బిడ్డను తోటివారికి చెప్పుమనిన వానికి కాలము వృథాయని తల్లిదండ్రులు శంకింపనక్కరలేదు. చెప్పినవానికే పాఠము రెండవమారు వచ్చును. అయితే వాని ఆకలికి తగిన బరువు పాఠమును వానికి వేరుగ ఈయవలెను. కూరత్తాళ్వానులకు రామానుజులు ఇచ్చినట్లు.

లెక్క తప్పరాదు

బెల్లంపల్లి పెద్దలకు ఈ ధర్మమును వేరుగ బోధింపనక్కరలేదు. గనియే వారికి నేర్పినది. గనిలో సర్దారు పనిస్థలమునకు పోయినంతనే కర్రతో పైకప్పును తట్టి శబ్దము వినును. గట్టి కప్పు ఒక విధముగ పలుకును, బీటలిచ్చిన కప్పు వేరొక విధముగ పలుకును. బోలుగా పలికిన చోట ఆధారము నిలుపును. అంతటను ఒకే లెక్కన ఉన్నదని తట్టకుండ పోవు సర్దారు మనుష్యుల ప్రాణములతో ఆడుకొనువాడు. బిడ్డను ప్రశ్నించుట ఇట్టి తట్టుటయే. తప్పు జవాబు నేరము కాదు. ఆధారము ఎచట నిలుపవలెనో తెలుపు శబ్దము.

గనిలోనికి దిగునపుడు ప్రతివాని పేరును పట్టికలో ఎక్కును. ఏ క్షణమున భూగర్భమున ఎవరెవరున్నారో తెలుపు పట్టిక గనివద్ద ఉండి తీరవలెనని 1952 నాటి గనుల చట్టము విధించినది. షిఫ్టు ముగిసినది, నూరుమంది దిగిరి, తొంబదితొమ్మిది దీపములు తిరిగి వచ్చినవి. అపుడు ఎవరైనను తొంబదితొమ్మిది మంచి లెక్కయేనని సంతోషింతురా? ఆ ఒక్కని కొరకు మనుష్యులు మరల లోనికి దిగుదురు. ఆతని భార్య గనిముఖమున నిలిచియుండును. ఆ నిరీక్షణ ఎట్టిదో బొగ్గుసీమ తల్లులకు తెలియును. తరగతియు అట్టిదే. నూటికి తొంబది ఉత్తీర్ణులైరని పలకమీద వ్రాసి సంతోషించుటకు ముందు, మిగిలిన పది దీపములు ఏ చీకటిలో నున్నవో వెదకవలెను. లోనికి దిగిన ప్రతి బిడ్డయు వెలుగులోనికి రావలెను.

కడపటి వాకిలి, అనగా పదునైదవ పాశురము, ఈ బోధకు శిఖరము. బయటివారును లోపలి బాలికయు మాటకు మాట చెప్పుకొందురు. ఆలస్యమునకు కారణము నీవనిన నీవనుచు కొంత వాదము నడచును. తుదకు లోపలి బాలిక, తప్పు మీలో నున్నను, అది నాదేయని ఒప్పుకొనెదనని తలవంచి వెలుపలికి వచ్చును. ఇతరుల లోపమును కూడ తనదిగా గ్రహించుట శ్రీవైష్ణవ లక్షణమని పూర్వాచార్యులు ఈ మాటను ఎంతయు కొనియాడిరి. ఈ మాటను నేర్చుకొనవలసినవారు ముగ్గురు. బిడ్డ చదువలేదనిన గురువు, నా చెప్పు తీరునందు లోపమున్నదేమోయని తలపవలెను. తండ్రి, నేను అడుగవలసినది అడుగలేదేమోయని తలపవలెను. ఊరు, మేము ఆ బిడ్డను మొద్దు అని పిలిచితిమేమోయని తలపవలెను. ముగ్గురును తప్పును తమమీద వేసికొనిన నాడు, ఆ బిడ్డ మీద వేయుటకు తప్పు మిగులదు.

వెనుక వరుసలో గోడకు ఆనుకొని కూర్చుండిన ఆ బాలిక ఇంకను అచటనే యున్నది. ఈ ధనుర్మాసమున తిరుప్పావై పారాయణ చేయు గృహస్థులు, తొమ్మిదవ పాశురము వచ్చినపుడు ఒక్క నిమేషము ఆగి, తమ ఇంట గాని, తమ వీధిలో గాని పలుకని బిడ్డ ఎవరని తలచుకొనవలెను. ధర్మపురి నరసింహుని దర్శనమునకు గాని, గూడెము గుట్టపై సత్యనారాయణస్వామి వ్రతమునకు గాని గోదావరి తీరమునకు పోవునపుడు ఇంటిల్లిపాది లెక్కించుకొని బయలుదేరుదురు గదా! చదువు యాత్రయందును ఆ లెక్క తప్పకుండుగాక. పిలుచువారి కంఠమున ఓర్పును, పలుకలేనివారి నోట మాటను, ముందు నడచువారి హృదయమున ఆగి వేచియుండు కరుణను శ్రీ గోదాసమేత శ్రీరంగనాథుడు ప్రసాదించుగాక!